పలకరింపే తొలి ప్రసాదం
జిల్లెళ్ళమూడి అమ్మ జీవితం చెప్పే మర్యాద, కృతజ్ఞత

తెనాలి నుంచి రేపల్లెకు వెళ్ళే రైలులో ఒక్క అరగంట కూర్చుని చుట్టూ చూడండి. కాస్త జరిగి చోటిచ్చిన పెద్దాయన ముఖం వైపు కూడా చూడకుండా కూర్చునేవారు కనబడతారు. బాపట్ల బజారులో చెవికి ఫోను ఆనించుకునే డబ్బు విసరినట్లుగా ఇచ్చి, సరుకు అందుకుని వెళ్ళేవారు కనబడతారు. పెళ్ళి భోజనాలలో పళ్ళెం చేతబట్టుకుని నిలబడి తిని, పిలిచినవారికి ఒక్కమాటైనా చెప్పకుండా చెప్పులు వేసుకునేవారు కనబడతారు. ఆలయాలలో తీర్థం కోసం చేయి చాపుతూనే మరొకరితో మాటలు సాగించేవారిని అర్చకులుగా మేము నిత్యమూ చూస్తూనే ఉన్నాము. వీరెవరూ చెడ్డవారు కారు. దానధర్మాలు చేసేవారే, పూజలు చేసేవారే. అయినా ఎదుటి మనిషిని గుర్తించే ఆ చిన్న క్షణం వారి దినచర్యలో నుంచి జారిపోయింది.

మన పూర్వులు మాటకు ముందు థాంక్స్ చెప్పినవారు కారు. ధన్యవాదాలు అనే మాట కూడా వారి నిత్య వ్యవహారంలో లేదు. కాని వచ్చినవారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చేవారు. భోజనం ముగించి అన్నదాతను సుఖంగా ఉండమని దీవించి లేచేవారు. ఇల్లు విడిచేటప్పుడు వెళ్తానని అనక వెళ్ళొస్తానని అనేవారు. మేలు చేసిన పిల్లవానిని చల్లగా ఉండు నాయనా అని తల నిమిరేవారు. కృతజ్ఞత మనకు ఒక మాటగా కాక ఒక నడవడిగా ఉండేది. ఆ నడవడి పోయింది, దాని స్థానంలో మాట కూడా రాలేదు. మన కాలపు లోటు ఇదే.

ఈ లోటు ఎలా తీరుతుంది? పిల్లలను గదమాయించి దండం పెట్టించడం వల్లనా, కృతజ్ఞత లేని లోకమని వాపోవడం వల్లనా? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలోనే, బాపట్లకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న పల్లెలో, ఒక గృహిణి తన జీవితంతో సమాధానం చెప్పారు. ఆమే లోకం జిల్లెళ్ళమూడి అమ్మగా కొలిచే మాతృశ్రీ అనసూయాదేవి.

తల్లిలేని బిడ్డ

1923 మార్చి 28న, చైత్ర శుద్ధ ఏకాదశినాడు, నేటి గుంటూరు జిల్లా పొన్నూరు సమీపంలోని మన్నవ గ్రామంలో అనసూయాదేవి జన్మించారు. తండ్రి మన్నవ సీతాపతి శర్మ గారు, తల్లి రంగమ్మ గారు. తల్లి ఒడి ఆ బిడ్డకు ఎంతో కాలం దక్కలేదు. పసితనంలోనే రంగమ్మ గారు కన్నుమూశారు. అటుపై ఆమె బాల్యం బంధువుల ఇళ్ళలో, ముఖ్యంగా బాపట్లలో న్యాయవాదిగా ఉన్న చిదంబరరావు తాతగారి సన్నిధిలో గడిచింది.

మాతృమూర్తులారా! ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగండి. తల్లిలేని పిల్ల పదిమంది ఇళ్ళలో అన్నం తింటుంది. పెట్టేవారి చేతిలోని భేదం ఆ పిల్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అదే అన్నం, అదే పప్పు, అదే మజ్జిగ. ఒక ఇంట పిలిచి, పక్కన కూర్చుని, ఇంకొంచెం కలుపుకొమ్మని పెడతారు. మరొక ఇంట గిన్నె ముందుకు తోస్తారు. మొదటిది కడుపును, మనసును కూడా నింపుతుంది. రెండవది కడుపు నింపి మనసును చిన్నబుచ్చుతుంది. ఆ బాలిక ఎవరింట ఏ అనుభవం పొందిందో మనం ఊహించి చెప్పడం తగదు. కాని ఆకలిగొన్నవారి ముఖం చదివే విద్య ఆమెకు చిన్ననాటనే అబ్బిందని ఆమె తరువాతి జీవితమంతా సాక్ష్యం చెబుతుంది. ఒంటిమీది వస్తువునైనా అవసరంలో ఉన్నవారికి ఇచ్చివేసే స్వభావం ఆనాడే ఉండేదని ఆమె చరిత్ర ఎరిగినవారు చెబుతారు.

1936 మే 5న బాపట్లలో ఆమెకు బ్రహ్మాండం నాగేశ్వరరావు గారితో వివాహం జరిగింది. అప్పటికి ఆమె వయస్సు పదమూడు సంవత్సరాలు. నాగేశ్వరరావు గారు జిల్లెళ్ళమూడి గ్రామ కరణం. తరువాతి కాలంలో భక్తులందరూ ఆయనను నాన్నగారు అని పిలుచుకున్నారు. ఆ దంపతులకు ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగారు. ఆమె సన్న్యాసం పుచ్చుకోలేదు, అరణ్యాలకు వెళ్ళలేదు, మఠం పెట్టలేదు. పొయ్యి, చేట, రోలు, పిల్లల పెంపకం, వచ్చేపోయే బంధువులు, ఇదే ఆమె తపోభూమి. అందుకే ఆమె కథ మన ఇళ్ళకు ఇంత దగ్గరగా ఉంటుంది.

పిడికెడు బియ్యం

జిల్లెళ్ళమూడి ఆనాడు వానాకాలంలో నల్లరేగడి బురదలో మునిగే చిన్న పల్లె. కూలి దొరికిననాడు పొయ్యి వెలిగే ఇళ్ళు, దొరకనినాడు వెలగని ఇళ్ళు ఊరిలో ఉండేవి. కొత్తగా కాపురానికి వచ్చిన కరణం గారి భార్య ఆ సంగతి గమనించారు. ఊరి ఇళ్ళన్నింటికీ ఒక చిన్న పద్ధతి నేర్పారు. ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులో నుంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేయాలి. అలా చేరిన బియ్యాన్ని ఒకచోట కూర్చి, ఊరిలో గడవనివారికి అవసరం వచ్చినప్పుడు ఇవ్వాలి.

ఇందులోని సూక్ష్మం గ్రహించండి. పిడికెడు బియ్యం తగ్గితే ఏ ఇంటా ఎవరూ పస్తుండరు. కాని ప్రతిదినమూ వంటకు ముందు, తన కుటుంబం తినబోయే అన్నంలో చేయి పెట్టి, నాది కాని ఒక ఆకలిని తలచుకోవడం అలవాటవుతుంది. మన శాస్త్రాలు గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం అంటే ఇదే. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు, భూతకోటికి, తోటి మనుష్యులకు మనం పుట్టుకతోనే ఋణపడి ఉన్నామని, ఆ ఋణాన్ని దినదినమూ కొంచెం కొంచెంగా గుర్తు చేసుకుంటూ తీర్చుకోవాలని పెద్దలు చెప్పారు. కృతజ్ఞత అనే పదానికి అర్థమే చేసిన మేలును ఎరిగి ఉండడం. ఎరుక అన్నది ఏడాదికి ఒకసారి సభ చేసి తెచ్చుకునేది కాదు. బియ్యం కొలిచే చేతికి అలవాటు కావలసినది.

ఇక పుచ్చుకునేవారి వైపు నుంచి చూడండి. ఆ బియ్యం ఏ ఒక్క దాత ఇంటి నుంచో రాలేదు. ఊరందరి పిడికిళ్ళ నుంచి వచ్చింది. కాబట్టి పుచ్చుకున్నవాడు ఏ ఒక్కరి ముందూ తల వంచుకుని నిలబడవలసిన అవసరం లేకపోయింది. ఇచ్చేటప్పుడు ఎదుటివాని తల వంగకుండా ఇవ్వడం మర్యాదలలోకెల్లా పెద్ద మర్యాద. ఆ మర్యాద అమ్మకు స్వభావసిద్ధంగా ఉండేది.

తొలి ప్రశ్న

1950 దశకంలో జిల్లెళ్ళమూడికి ఒక్కొక్కరుగా రావడం మొదలుపెట్టారు. కరణం గారి ఇల్లాలి దగ్గర మనసుకు శాంతి దొరుకుతుందని ఆ నోటా ఈ నోటా విన్నవారు బాపట్లలో రైలు దిగి పల్లెబాట పట్టేవారు. తెనాలి, రేపల్లె, గుంటూరు వైపుల నుంచి వచ్చేవారు. చదువుకున్నవారు, చదువులేనివారు, ఉద్యోగులు, కష్టంలో ఉన్న స్త్రీలు, వాదించి ఓడించాలని వచ్చిన నాస్తికులు కూడా ఆ దారిలో నడిచారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్ద ప్రశ్న మోసుకుని వచ్చేవారు. దేవుడున్నాడా, కర్మ అంటే ఏమిటి, నా కష్టం ఎప్పుడు తీరుతుంది అని.

అమ్మ మాత్రం వారి ప్రశ్న వినడానికి ముందు తన ప్రశ్న ఒకటి అడిగేవారు. భోజనం చేశారా అని. చేయలేదంటే మొదట విస్తరి. తరువాతే వేదాంతం. వేళకాని వేళ వచ్చినా, అర్ధరాత్రి తలుపు తట్టినా ఇదే క్రమం. ప్రారంభ కాలంలో ఆమె స్వయంగా వండి, స్వయంగా వడ్డించేవారు. ఎందరికో తన చేతితో ముద్దలు కలిపి పెట్టారు. ఆమె తీసుకునే ఆహారం మాత్రం అత్యల్పమని దగ్గర ఉన్నవారందరూ ఎరుగుదురు.

మీలో కొందరికి ఇది చాలా చిన్న విషయంగా తోచవచ్చు. తిన్నావా అని అడగడం మన తెలుగు ఇళ్ళలో ప్రతి తల్లీ చేసే పనే కదా అనిపించవచ్చు. నిజమే. ఆ సామాన్యమైన మాటనే ఆమె సాధనగా మార్చారు. ఎందుకంటే ఆ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, నువ్వు వచ్చినట్లు నేను చూశాను అనే గుర్తింపు. రెండు, దారిలో నీకు కలిగిన శ్రమ నాకు తెలుసు అనే ఎరుక. మూడు, నీ కులమూ గోత్రమూ హోదా నాకు అక్కరలేదు, నీ ఆకలి తీరితే చాలు అనే అభయం. మర్యాద అనే మాటకు ఈ మూడూ కలిస్తేనే అర్థం. వంగి వంగి నమస్కరించి ఆకలి సంగతి అడగనివాడు మర్యాదస్థుడు కాడు.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో గురువు విద్య ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవతలుగా చూసుకొమ్మని ఉపదేశిస్తాడు. అదే ఉపనిషత్తు భృగువల్లిలో అన్నాన్ని నిందించరాదని, నివాసం కోరి వచ్చినవానిని కాదనరాదని వ్రతంగా విధిస్తుంది. వేదం చదువుకున్న మాబోటివారు ఈ వాక్యాలను స్వరం తప్పకుండా వల్లిస్తాము. జిల్లెళ్ళమూడిలో ఒక ఇల్లాలు వాటిని గరిటెతో ఆచరించి చూపారు.

అన్నపూర్ణాలయం

వచ్చేవారి సంఖ్య పెరిగింది. ఒక్క ఇంటి వంటగది చాలలేదు. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం అనే పేరుతో సామూహిక వంటశాల, భోజనశాల మొదలయ్యాయి. వచ్చినవారు నివసించే ఇంటికి అందరిల్లు అని పేరు ఏర్పడింది. ఆ పేరులోనే ఆమె దృష్టి అంతా ఉంది. ఆశ్రమం అంటే అక్కడ గురువు ఒకరు, శిష్యులు కొందరు, చూడవచ్చిన పరాయివారు కొందరు ఉంటారు. అందరిల్లు అంటే అక్కడ పరాయివాడు ఉండడు. తనకు శిష్యులు లేరని, ఉన్నది బిడ్డలేనని ఆమె భావన.

ఆ మార్గం సుగమంగా సాగిందని మీరు భావించకండి. అది 1950 దశకపు పల్లె. పంక్తి భేదం ఎంత గట్టిగా పాటించేవారో మీ ఇంటి పెద్దలను అడిగితే చెబుతారు. బ్రాహ్మణ గృహిణి, అందులోనూ కరణం గారి భార్య, అన్ని కులాలవారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం ఎందరికో మింగుడుపడలేదు. విమర్శలు వచ్చాయి, అపహాస్యాలు వచ్చాయి. ఖర్చు సంగతి సరేసరి. రేపటికి బియ్యం ఎక్కడినుంచి వస్తాయో తెలియని దినాలు ఉన్నాయి. అయినా వచ్చినవారిని ఎవరు మీరు, ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడగడం ఆ ఇంటి పద్ధతి కాలేదు. ఆమె ఎవరితోనూ శాస్త్రవాదం చేయలేదు. మరొక విస్తరి వేశారు.

కన్నబిడ్డను కోల్పోయే దుఃఖమూ ఆమెకు తప్పలేదు. 1968లో కుమార్తె హైమ చిన్న వయస్సులోనే దూరమైంది. హైమ పేరిట హైమాలయం అనే ఆలయం జిల్లెళ్ళమూడిలో నేటికీ ఉంది. ఆ తరువాత కూడా అమ్మ తలుపు మూసుకుని కూర్చోలేదు. 1971లో అక్కడ సంస్కృత విద్యాలయం ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పేద పిల్లలకు చదువుతో పాటు అన్నపూర్ణాలయంలో అన్నమూ లభించింది.

1973 ఏప్రిల్‌లో అమ్మకు యాభై సంవత్సరాలు నిండిన సందర్భంగా స్వర్ణోత్సవం జరిగింది. ఆనాడు లక్షమందికి పైగా జనం జిల్లెళ్ళమూడిలో భోజనం చేశారు. ఒక మారుమూల పల్లెలో, పొలాల నడుమ, లక్ష విస్తళ్ళు. జన్మదినం నాడు తనకు సన్మానం చేయించుకోవడం లోకరీతి. అమ్మకు బిడ్డలందరూ ఒక్కసారిగా భోజనం చేయడమే ఆనాటి సన్మానం. ఆ వడ్డనలో వందలమంది స్వచ్ఛందంగా నడుము వంచారు. తాము ఒకనాడు తిన్న అన్నానికి వారు చెప్పుకున్న కృతజ్ఞత అదే. ఎవరూ వారిని అడగలేదు.

అడగని కృతజ్ఞత

పాఠక మహాశయులారా! ఈ జీవితం మనకు చెప్పే అసలు సంగతి ఇక్కడే ఉంది. కృతజ్ఞత తగ్గిపోయిందని నిట్టూర్చేటప్పుడు మనమందరమూ ఇచ్చినవారి స్థానంలో నిలబడి మాట్లాడతాము. నేను పెంచాను, నేను చదివించాను, నేను సాయం చేశాను, ఒక్కరైనా గుర్తు పెట్టుకోలేదు అంటాము. కాని మనం ఇచ్చిన తీరు ఎటువంటిదని ప్రశ్నించుకోము. దెప్పుతూ పెట్టిన అన్నానికి కృతజ్ఞత మొలవదు. లెక్క చెబుతూ చేసిన సాయానికి మొలిచేది అప్పు తీర్చి వదిలించుకోవాలనే తొందర మాత్రమే. ఆదరంతో పలకరించి ఇచ్చినచోట, అడగకుండానే, ఏళ్ళు గడిచాకనైనా కృతజ్ఞత తనంతట తాను వస్తుంది. మర్యాద విత్తనం, కృతజ్ఞత పంట. విత్తకుండా పంట కోసం చేను గట్టున కూర్చుని లోకాన్ని నిందించడం మనకు అలవాటైంది.

ఈ మార్గంలో అమ్మకు ముందు నడిచినవారూ మన తెలుగునాట ఉన్నారు. గోదావరి తీరాన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) జీవితాంతం వేళాపాళా చూడక బాటసారులకు అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ప్రభుత్వం ఆహ్వానిస్తే, తాను లేనప్పుడు వచ్చినవారి ఆకలి ఎవరు చూస్తారని ఆమె వెళ్ళలేదన్న సంగతి సుప్రసిద్ధం. లోకం కట్టే గౌరవం కంటే గుమ్మంలోని అతిథి ఆకలి ఆమెకు ముఖ్యమైంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. సీతమ్మ గారు పరమపదించిన నూరేళ్ళకు పైగా గడిచాక వచ్చిన కృతజ్ఞత అది. ఆ తల్లి దానికోసం ఎదురుచూడలేదు.

అలాగని పుచ్చుకునేవారికి బాధ్యత లేదని కాదు. ఉపనయన సంస్కారాన్ని గుర్తుచేసుకోండి. వటువు మొదటి భిక్షను తల్లి దగ్గర స్వీకరించడం ఆచారం. ఆ భిక్షావాక్యంలో ముందు వచ్చేది గౌరవ సంబోధన, ఆ తరువాతే అర్థింపు. కన్నతల్లినైనా ముందు గౌరవించి, ఆపైన అడగాలని ఎనిమిదేళ్ళ పిల్లవానికి నేర్పించే సంస్కారం మనది. ఈనాడు ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా, టిఫిను కావాలన్నా ఆజ్ఞే తప్ప సంబోధన వినబడడం లేదు. వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో, రాజ్యం పొంది మాట మరచిన సుగ్రీవుని మీద లక్ష్మణుడు ఆగ్రహించిన సందర్భంలో, ఎన్నో పాపాలకు ప్రాయశ్చిత్తం చెప్పబడింది కాని కృతఘ్నతకు చెప్పబడలేదని హెచ్చరిక వస్తుంది. అయోధ్యాకాండలో రాముని గుణాలు వర్ణిస్తూ, ఒక్క చిన్న ఉపకారంతోనే ఆయన సంతృప్తి పొందుతాడని, నూరు అపకారాలనైనా తలచుకోడని చెప్పారు. మనం రాముని పూజిస్తూ, ఉపకారాలు మరచి అపకారాలను లెక్కపెట్టుకుంటున్నాము.

ఈ వారం నుంచే

1981లో నాన్నగారు పరమపదించారు. 1985 జూన్ 12న అమ్మ శరీరాన్ని విడిచారు. అప్పటికి ఆమె వయస్సు 62 సంవత్సరాలు. జిల్లెళ్ళమూడిలోని అనసూయేశ్వరాలయం నేడు భక్తులకు దర్శనీయ స్థానం. 2022లో బాపట్ల జిల్లాకేంద్రమైంది. అన్నపూర్ణాలయంలో పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. వచ్చినవారికి విస్తరి పడుతూనే ఉంది. మీరు ఎన్నడైనా అటు వెళితే దర్శనం చేసుకోండి, ప్రసాదం స్వీకరించండి. తిన్న తరువాత వడ్డించినవారి ముఖం వైపు ఒక్కసారి చూసి, వారిని దీవించి లేవండి. అమ్మకు అంతకు మించిన పూజ లేదు.

అంతదూరం వెళ్ళలేనివారు ఇంటిలోనే ఆరంభించవచ్చు. ఇంటికి ఎవరు వచ్చినా, గ్యాసు సిలిండరు తెచ్చిన అబ్బాయి అయినా, కరెంటు మీటరు చూడవచ్చిన ఉద్యోగి అయినా, మంచినీళ్ళు కావాలా అని అడగండి. ఎండాకాలంలో ఆ ఒక్క చెంబు నీళ్ళకు తీర్థమంత విలువ ఉంటుంది. భోజనానికి కూర్చున్నప్పుడు టీవీ వైపు గాక వడ్డించే ఇల్లాలి వైపు చూడండి. కూర బాగుంటే బాగుందని చెప్పండి. బాగులేకపోతే అన్నాన్ని నిందించకండి. శుభకార్యానికి వెళితే పిలిచినవారికి చెప్పి రండి. వీలైతే వంటవారికి కూడా ఒక మంచిమాట చెప్పండి. పొగలో నిలబడి వండిన ఆ మనిషి మన కళ్ళకు కనబడడు కాబట్టి, అతనికి చేరిన మాట రెట్టింపు పుణ్యం.

ఇంట్లో పిల్లలుంటే బియ్యం డబ్బా పక్కన ఒక చిన్న పాత్ర ఉంచి, వంటవేళ ఆ పిడికెడు బియ్యం వారి చేతనే వేయించండి. నెల నిండాక ఆ బియ్యాన్ని వారి చేతనే అవసరమైనవారికి ఇప్పించండి. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలని, ఎదుటివారిని అయ్యా అనో అమ్మా అనో వరుస పెట్టి పిలవాలని నేర్పండి. ఆ పిల్లలకు మర్యాద గురించి వేరుగా ఉపన్యాసం చెప్పవలసిన పని ఉండదు. మీరు వృద్ధులైననాడు తిన్నారా అని మిమ్మల్ని అడిగేది కూడా ఆ పిల్లలే.

మన ఇళ్ళలో బియ్యానికి కొదువ లేదు. పలకరింపుకు కొదువ వచ్చింది. గుమ్మంలో నిలిచినవారిని చూసి, భోజనమైందా అని అడిగే ఆ ఒక్కమాట ప్రతి తెలుగు ఇంటా మళ్ళీ వినబడుగాక. అడిగిన నోరు, తిన్న నోరు కూడా చల్లగా ఉండుగాక. సర్వే జనులకూ శుభమగుగాక.